బండి ఊరి బయటే ఆపండి

కార్డిఫ్‌లో మాస్టర్స్ చదివే సాహితి అనే అమ్మాయి పోయిన నెల మిల్టన్ కీన్స్‌లోని మా ఇంటికి వచ్చింది. చదువు అయిపోగానే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరబోతోంది. ఆఫ్రికా పల్లెల్లో పని.

"ఆంటీ, మీరు ఇన్నేళ్లు ఇదే జాబ్ చేశారంట కదా. అసలు అక్కడికెళ్లి ఏం చేసేవాళ్లు? వెబ్‌సైట్లు చదివితే ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అంది.

"పోయేదాన్ని, కూర్చునేదాన్ని, మాట్లాడేదాన్ని, వచ్చేదాన్ని" అన్నాను.

తమాషాకి అన్నాననుకుని నవ్వింది. నేను చెప్పింది నిజమే. కాకపోతే ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఎలా తిరిగి రావాలి అన్నవి తెలుసుకోవడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది. సాహితిలా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. జీతాల సంగతి, ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. నేను వెళ్లిన ఊరి పేరు కూడా రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఉద్యోగం ఎలా వచ్చిందంటే

మాది అనంతపురం వైపు పల్లె. ఆయన ఇక్కడ ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంటమాస్టరుగా వచ్చారు. ఆయన వెనకాల నేను వచ్చాను. అప్పటికి నాకు ఏ భాషలోనూ చదవడం రాదు. నలభై దాటాక, కౌన్సిల్ వాళ్ల సాయంత్రం క్లాసులో ఇంగ్లీషు అక్షరాలూ, మా అమ్మాయి వెళ్లే ఆదివారం తెలుగు బడిలో ఆమె పక్కనే కూర్చుని తెలుగు అక్షరాలూ నేర్చుకున్నాను. బడిలో చిన్న పిల్లలు నా పుస్తకంలోకి తొంగిచూసి ఇంగ్లీషులో నా తప్పులు దిద్దేవాళ్లు. ఆ రోజుల నుంచి నాకొక అలవాటు మిగిలిపోయింది. దారిలో బోర్డు కనబడితే పైకి చదవకుండా దాటలేను.

ఆ రోజుల్లోనే ఒక చిన్న సంస్థ ఆఫీసులో సాయంత్రాలు క్లీనింగ్ పని చేసేదాన్ని. మలావీ దేశంలో కొన్ని పల్లెలకు సాయం చేసే సంస్థ అది. అక్కడ వాళ్ల తరఫున పనిచేసే గ్రేస్ అనే ఆమె ఒకసారి మీటింగులకని వచ్చింది. హోటల్ గది ఏదో పొరపాటు వల్ల దొరకలేదు. ఎవరింట్లో ఉంచాలా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, చేతిలో మాప్ పట్టుకుని నిలబడ్డ నేను "మా ఇంట్లో ఉండొచ్చు" అన్నాను. గ్రేస్ వారం రోజులు మా ఇంట్లోనే ఉంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఇద్దరం గిన్నెలు కడుగుతూ చాలా మాట్లాడుకున్నాం.

ఆ సంస్థలో పల్లెల పని చూసే బాస్ మార్గరెట్. కార్డిఫ్ మనిషి, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. గ్రేస్ వెళ్లిపోయాక నన్ను పిలిచింది.

"లక్ష్మీ, మా బావి పంపు ఎందుకు చెడిపోతోందో గ్రేస్ నీకు చెప్పిందంట. మూడు మీటింగుల్లో అడిగాను, నాకు చెప్పలేదు. నీకెలా చెప్పింది?"

"నేను అడగలేదు. గిన్నెలు తుడుస్తూ ఉంటే చెప్పింది."

మార్గరెట్ కాసేపు నా ముఖం చూసి, "ఈసారి నాతో మలావీ రా" అంది.

ఇంటికొచ్చి చెబితే ఆయన గరిటె పక్కన పెట్టి, "ఏమ్మే, ఆఫ్రికాకు పోతాండావా? ఆడ తినేకి ఏముంటాది?" అన్నారు.

"సంగటేనంట. మొక్కజొన్న పిండితో చేస్తారంట."

"అట్లయితే పో. సంగటి తినేవాళ్లు మనోళ్లే."

ఖాళీ ఇల్లు

నేను చెప్పాలనుకున్నది ఒక ఇంటి సంగతి. ఆ ఊళ్లో చిన్న ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల పల్లెలు దూరం. వానాకాలంలో మధ్యలో ఉన్న ఏరు పొంగితే కాన్పుకి రావాల్సిన ఆడవాళ్లు ఆ పక్కనే ఆగిపోతారు. అందుకని మా సంస్థ ఆసుపత్రి పక్కన ఒక ఇల్లు కట్టించింది. నెలలు నిండుతున్న స్త్రీలు ముందుగానే వచ్చి అక్కడ ఉండి, నొప్పులు రాగానే పక్కకు నడిచి వెళ్లొచ్చు. ఇటుక గోడలు, మంచి కప్పు, చాపలు, దోమతెరలు, వెనక వంటకి చోటు. ఇల్లు చూసుకోవడానికీ, కాన్పులు చేయడానికీ ఒక నర్సును కూడా వేయించారు.

ఇంత చేస్తే అందులో ఎవరూ ఉండటం లేదు.

నేను మొదటిసారి వెళ్లింది ఆ సంగతి తేల్చడానికే. దారిలో జీపులో మార్గరెట్ చెప్పింది. "ఈసారి కూడా ఖాళీగా ఉందని నేను వెళ్లి చెబితే, ట్రస్టీలు దాన్ని మూసేస్తారు. గోడౌన్‌గా వాడుకోమని ఇచ్చేస్తారు. ఇల్లు లేకపోతే నర్సును కూడా వెనక్కి పిలుస్తారు. అప్పుడు ఈ ఆడవాళ్లకు ఏమీ మిగలదు. కారణం కావాలి నాకు."

జీపు తిన్నగా ఆ ఇంటి గుమ్మం ముందే ఆగింది. ఆడవాళ్లు పాట పాడుతూ ఎదురొచ్చారు. చేతులు తడుతూ, నడుము కదుపుతూ, మధ్యమధ్యలో నాలుక ఆడిస్తూ కేకలు. ఎంత బాగుందో! పొలం పని మానుకుని వచ్చారని వాళ్ల కాళ్లకున్న మట్టి చెబుతూనే ఉంది. ఊరిపెద్ద కుర్చీలో కూర్చున్నాడు. మాకూ కుర్చీలు వేశారు. ఆడవాళ్లు నేల మీద కూర్చున్నారు.

ఇంటి ముందు పెద్ద రేకు బోర్డు. నా అలవాటు ప్రకారం కూడబలుక్కుని పైకి చదివాను. గర్భిణీ స్త్రీలు వేచి ఉండే ఇల్లు అని ఇంగ్లీషులోనూ వాళ్ల భాషలోనూ ఉంది. కింద మా సంస్థ పేరు. చదవడం రానివాళ్ల కోసం పక్కన బొమ్మ కూడా వేశారు. నిండు కడుపుతో నవ్వుతూ నిలబడ్డ స్త్రీ. ఒకప్పుడు నాలాంటి వాళ్ల గురించి కూడా ఆలోచించారని నాకు ఆ బొమ్మ తెగ నచ్చింది.

మీటింగులో మార్గరెట్ అడిగింది. "ఇల్లు మీకు నచ్చిందా?"

"చాలా నచ్చింది" అన్నారు అందరూ.

"మరి ఎందుకు ఉండటం లేదు?"

"ఉంటాం, ఉంటాం" అన్నారు. మళ్లీ పాట పాడారు.

చివర్లో బోర్డు పక్కన ఫొటోలు. మార్గరెట్ కెమెరా పట్టుకుని వయసులో ఉన్న ఆడపిల్లల్ని ముందుకు పిలిచింది. అందులో ఒక అమ్మాయి మెల్లగా వెనక్కి జరిగి, ఇంకొకామె వీపు చాటుకు పోయింది. సిగ్గనుకున్నాను. ఫొటోలయ్యాయి, చేతులు ఊపాం, గుమ్మం ముందే జీపెక్కి దుమ్ము లేపుకుంటూ బసకు వచ్చేశాం.

చావు ఇంట్లోంచి వచ్చేటప్పుడు

మర్నాడు ఆ ఊళ్లో ఒక ముసలాయన పోయాడు. ఊరంతా పని ఆపేసింది. మా రెండో మీటింగు రద్దయింది. మార్గరెట్ ఆ రోజు విశ్రాంతి తీసుకుందామంది. నాకు మనసొప్పలేదు. నిన్న మన కోసం పాట పాడిన ఊళ్లో మనిషి పోతే ఇంట్లో కూర్చోవడమేంటి? గ్రేస్‌తో కలిసి వెళ్లాను. తన దగ్గరున్న రంగుల బట్ట ఒకటి నా నడుముకు లుంగీలా చుట్టింది. చావు జరిగిన ఊళ్లోకి బండి తీసుకుపోకూడదని డ్రైవర్ జీపును మెయిన్ రోడ్డు మీదే ఆపేశాడు. అక్కడి నుంచి నడిచాం.

లోపల ఆడవాళ్లు నేల మీద దగ్గరదగ్గరగా కూర్చుని సన్నగా పాడుతున్నారు. నాకు చోటిచ్చారు. వాళ్ల పాట నాకు రాదు. తలొంచుకుని కూర్చున్నాను. ఖననం అయ్యాక, ఇక వెళ్లాలి అనిపించినప్పుడు, మనవైపు ఎలా వస్తామో అలాగే వచ్చాను. ఎవరికీ చెప్పకుండా, ఎవరి ముఖం చూడకుండా, మెల్లగా లేచి బయటికి నడిచాను. గ్రేస్ వంట దగ్గర సాయం చేస్తోంది. ఆమె వెనకాలే వస్తుందిలే అని రోడ్డు వైపు కదిలాను.

కాస్త దూరం పోయానో లేదో, వెనక కేకలు. తిరిగి చూస్తే ఆడవాళ్లు గుంపుగా పరిగెత్తుకొస్తున్నారు. అందరికన్నా ముందు ఎస్నాత్ అనే పెద్దామె. నిన్న పాట ఎత్తుకున్నది ఆమే. వెనక గ్రేస్ ఆయాసపడుతూ వస్తోంది. ఎస్నాత్ మాటలు గ్రేస్ ఇంగ్లీషులో చెప్పేది. నాకు మాత్రం అవి మా ఊరి మాటల్లోనే గుర్తున్నాయి. అలాగే రాస్తాను.

"ఏమమ్మా, ఎవరేమన్నారు నిన్ను? ఎందుకట్లా అలిగి పోతాండావు?"

"అయ్యో, అలగలేదమ్మా. మా వైపు చావు ఇంట్లోంచి వచ్చేటప్పుడు పోయొస్తామని చెప్పకూడదు. చెప్తే మళ్లీ అట్లాంటి పని మీదనే రావాలని కోరుకున్నట్టు."

గ్రేస్ చెప్పగానే ఎస్నాత్ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. తర్వాత వెనకవాళ్లకు చెప్పింది. చావు ఇల్లు దగ్గరే ఉందని గుర్తొచ్చి, అందరూ బట్ట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అయితే మీ దేశంలో చుట్టాలు కోళ్ల దొంగల మాదిరి జారుకుంటారా?"

"చావు ఇంట్లోంచి మాత్రమే. మామూలుగా అయితే పోతాం పోతాం అని చెప్పి, చెప్పులేసుకుని కూడా వాకిట్లో గంటసేపు మాట్లాడతాం."

"ఆ, అదీ మనుషుల పద్ధతి" అని ఎస్నాత్ నా చెయ్యి పట్టుకుంది. "మా ఊర్లో చుట్టం ఒంటిగా నడవకూడదు. నడిస్తే మేము తరిమేసినట్టు. పద, రోడ్డు దాకా మేమూ వస్తాం."

నడుస్తూ చెప్పిన మాట

చుట్టాన్ని సాగనంపడం వాళ్లకు పెద్ద మర్యాద. దగ్గరి మనిషైతే సగం దూరం, ఇంకా దగ్గరైతే వాళ్ల ఇల్లు కనబడేదాకా నడుస్తారట. నడుస్తూ మొదట ఉప్పు ధర మాట్లాడారు. తర్వాత కోడళ్ల గురించి. నా కూతురు వంట చేస్తుందా అని అడిగారు. టేక్‌అవే తెప్పించుకుంటుందని చెబితే, పాపం అని జాలిపడ్డారు. నేనేమీ అడగలేదు. ఏదో అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఊరు దాటాక ఎస్నాత్ గొంతు తగ్గించింది.

"నిన్న మీ పెద్దామె బొమ్మ తీస్తానని మా కోడల్ని పిలిచింది."

వెనక నడుస్తున్న అమ్మాయి వైపు చూపించింది. నిన్న వీపు చాటుకు పోయిన పిల్ల. పేరు మెర్సీ.

"అదిప్పుడు కడుపుతో ఉంది. దాని మొగుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు వీళ్లకూ నీకూ. మా ఇల్లు ఏటికవతల. పోయినసారి ఏరు దాటలేక దోవలోనే బిడ్డ పోయింది. ఈసారి ముందుగానే ఆ ఇంట్లో పెట్టాలని నాకు ఎంత ఆశో. ఎట్లా పెట్టేది?"

"ఇల్లు బాగలేదా?"

"ఇల్లు బంగారం మాదిరి ఉంది. మా ఆడపిల్లలకు అట్లాంటి ఇల్లు ఎవరు కట్టిస్తారు? దాని ముందర దండోరా ఏసినారే, అది బాగలేదు. అంతెత్తు బొమ్మ! ఆ వాకిట్లో అడుగు పెడితే దోవన పోయే బస్సులో వాళ్లకు కూడా తెలిసిపోతాది. అది చాలదని మీరొచ్చి ఫొటోలు తీస్తారు. ఎవరి కండ్లు ఎట్లాంటివో, ఎవరికి తెలుసు?"

నేను నిలబడిపోయాను. దిష్టి అనే మాట ఆమెకు తెలియదు, వాళ్ల మాట నాకు తెలియదు. కానీ మెర్సీ కడుపు మీది బట్టను సర్దుకున్న తీరు నాకు బాగా తెలుసు. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నేనూ అలాగే కొంగు లాక్కునేదాన్ని. మరి నిన్న ఆ బొమ్మ చూసి మురిసిపోయాను. దాన్ని చదవడం వచ్చిందన్న సంతోషంలో, దాని ముందు నుంచి లోపలికి నడవాల్సిన మనిషి నాకు తట్టలేదు.

"ఇదంతా నిన్న మీటింగులో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

ఎస్నాత్ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "పెట్టినోళ్ల ఎదురుగా కూర్చొని, పెట్టింది బాగలేదని అంటారా ఎవరైనా? అట్లాంటి మాట సాగనంపేటప్పుడు చెప్తారు. పోయేవాళ్లు దాన్ని మోసుకుని పోవాలని. మీ వాళ్లేమో వాకిట్లోనే బండెక్కుతారు. ఇన్నేండ్లలో మీలో ఒక్కరినీ సాగనంపింది లేదు మేము."

రోడ్డు మీద జీపు కనబడింది. నేను ఎక్కేదాకా నిలబడ్డారు. ఈసారి చెప్పే వచ్చాను. చావు ఇల్లు దూరమైంది కదా, ఫరవాలేదనిపించింది.

మార్గరెట్ ఏం చేసిందంటే

బసలో మార్గరెట్ వరండాలో టీ తాగుతోంది. ఆమెకు అంతా చెప్పాను. మెర్సీ పేరు మాత్రం చెప్పలేదు. ఒక కోడలు అన్నాను. మార్గరెట్ కప్పు కింద పెట్టింది.

"ఆ బొమ్మ వేసినతన్ని నేనే వెతికి పట్టుకొచ్చాను, లక్ష్మీ. నవ్వు సరిగా రాలేదని రెండోసారి వేయించాను కూడా."

ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

తనే మళ్లీ అంది. "నా మొదటి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మూడో నెల దాటేదాకా మా అమ్మకు కూడా చెప్పలేదు నేను. మా ఆఫీసులో వదులు కోట్లు వేసుకుని తిరిగాను. ఇక్కడికొచ్చి బోర్డు పెట్టించాను."

తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మర్నాడు జీపును రోడ్డు మీదే ఆపించింది. ఆసుపత్రి దాకా ఎండలో నడిచి, నర్సుతో మాట్లాడి, ఊరిపెద్దకు నమస్కారం చెప్పి, ఒక స్పానర్ అడిగింది. బోర్డు బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. తనూ, నేనూ, నర్సూ కలిసి ఊడదీశాం. ఊరిపెద్ద ఆ రేకు మంచిదని, కోళ్లగూడుకు కప్పుగా తీసుకుపోయాడు. ఇంటి వెనక వైపు గోడలో ఒక తలుపు పెట్టించమని నర్సుకు చెప్పింది మార్గరెట్. రోడ్డుకు కనబడకుండా రావడానికి. అన్నీ అయ్యాక ఆడవాళ్లు మమ్మల్ని సాగనంపారు. మార్గరెట్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఎస్నాత్ ఆమె నడకను వెక్కిరిస్తూ పక్కనే నడిచింది. వెక్కిరిస్తోందని మార్గరెట్‌కూ తెలిసింది, అయినా ఊరుకుంది.

పిల్లలూ, బాస్ గురించి ఒక మాట. చిన్న పనికి కూడా ముందు అనుమతి అడిగేవాళ్లు చాలామంది. మార్గరెట్ బోర్డు పీకేశాక ట్రస్టీలకు చెప్పింది. అప్పటికి మెర్సీకి ఎక్కువ సమయం లేదు. అడుగుతూ కూర్చుంటే వానలు వచ్చేవి.

మిల్టన్ కీన్స్‌లో ట్రస్టీల మీటింగుకు నన్నూ పిలిచారు. అందులో ఒక పెద్దాయన, మంచివాడే, "బోర్డు లేకపోతే ఆ ఇల్లు మనదని ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"మనది కాదు కదా" అంది మార్గరెట్.

"విరాళాలు ఇచ్చేవాళ్లు పెన్షన్లలోంచి ఇస్తున్నారు, మార్గరెట్. వాళ్లకు ఏదో ఒకటి చూపించాలి. అది కూడా న్యాయమే."

ఆయన అన్నదీ నిజమే. నేను లేచి అన్నాను. "పొయ్యి ఫొటో చూపించండి. ఇంటి వెనక పొయ్యి వెలుగుతుంటే లోపల మనుషులున్నట్టే. మనుషులు కనబడక్కర్లేదు."

పెద్దాయన ఆలోచించి, "పొయ్యి వెలిగితే నాకు చాలు. వచ్చే వానాకాలం దాకా చూద్దాం" అన్నాడు.

వానాకాలంలో ఒకరోజు సూపర్‌మార్కెట్ లైన్లో నిలబడి ఉండగా గ్రేస్ ఫోన్ చేసింది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. చీకటి పడ్డాక వెనక తలుపులోంచి అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చి, కాన్పయ్యేదాకా ఉన్నారు. ఎవరికీ చెప్పొద్దంది మెర్సీ. నీకు మాత్రం చెప్పమంది."

"మిగతా చాపలు?"

"ఒక్కటే ఖాళీ ఉంది" అంది గ్రేస్.

నా బుట్టలో ఏముందో నాకు కనబడలేదు. బిల్లు కొట్టే అమ్మాయి, "ఆర్ యూ ఆల్ రైట్, లవ్?" అంది. "ఐ యామ్ వెరీ ఆల్ రైట్" అన్నాను. పొయ్యి ఫొటో తర్వాత వచ్చింది. పెద్దాయన దాన్ని ఆఫీసు గోడకు తగిలించాడు.

నడకకు టైమ్‌టేబుల్

ఇక్కడితో ఆపితే మీకు తప్పుదారి చూపినట్టవుతుంది. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

మార్గరెట్ రిటైరయ్యాక డానియల్ వచ్చాడు. చురుకైన మనిషి, కష్టపడతాడు. ఈ నడక సంగతి విని ముచ్చటపడ్డాడు. ఎంత ముచ్చటపడ్డాడంటే, పర్యటన కార్యక్రమంలో రాయించాడు. మూడు గంటలకు సాగనంపుట. ఫోన్లో రికార్డు చేయడానికి ఆఫీసు నుంచి ఒకతన్ని మా వెనక నడిపించాడు. ఇంకో ఊళ్లో అది. ఆడవాళ్లు వెనక్కి తిరిగి తిరిగి చూశారు. ఒకావిడ నన్ను అడిగింది. "ఆయన ఎందుకు మన వెనకాల తిరుగుతాండాడు? దోవ తప్పినాడా, పెండ్లాం కోసం ఎతుకుతాండాడా?"

ఆ రోజు రోడ్డు దాకా వాన గురించి తప్ప ఒక్క మాట రాలేదు. డానియల్ బాధపడ్డాడు. "పద్ధతి పనిచేయలేదే" అన్నాడు.

"ఇది పద్ధతి కాదు డానియల్. మర్యాద" అన్నాను. అతనికి కోపం వచ్చింది. ఒక రెండు వారాలు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. తర్వాత మాత్రం టైమ్‌టేబుల్లోంచి ఆ లైను తీసేశాడు. అంతవరకూ అతన్ని మెచ్చుకోవాలి.

కాబట్టి, బండి ఊరి బయట ఆపండి. రహస్యాలు రాబట్టడానికి కాదు, మీరు చుట్టాలు కాబట్టి. చాలాసార్లు ఆ నడకలో మీకు ఏమీ దొరకదు. ఒకసారి మండుటెండలో అంత దూరం నడిస్తే నా మోకాళ్ల నొప్పికి ఏ ఆకు కట్టాలో చెప్పారు, అంతే. కట్టుకున్నాను. తగ్గలేదు. అదీ ఉద్యోగమే. పాటలు పాడించుకోవడానికి వాళ్ల పొలం పని ఆపకండి. వస్తున్నామని చెప్పకుండా కూడా పోకండి. పెట్టింది తినండి. మీకు ఇంగ్లీషు బాగా వచ్చు, చదువులున్నాయి, అవి చాలా పనికొస్తాయి. నాకు లేక ఎన్నోసార్లు ఇబ్బంది పడ్డాను. రిపోర్టు రాయడానికి మా అమ్మాయిని బతిమాలాల్సి వచ్చేది. చదువు తక్కువైతే మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి.

లోపలికి రాకూడదు

రిటైరయ్యే ముందు చివరిసారిగా ఆ ఊరికి వెళ్లాను. జీపు రోడ్డు మీద ఆపించి నడిచాను. పాటలేమీ లేవు. పొలాల్లో పని జోరుగా ఉంది. ఎస్నాత్ కూడా పొలంలోనే ఉందట. ఆసుపత్రి పక్కకు వచ్చేసరికి ఇంటి వెనక పొగ కనబడింది. ఒకటి కాదు, పొయ్యిలు వరసగా ఉన్నాయి.

ఇన్నేళ్లలో ఆ ఇల్లు నిండుగా ఉన్నప్పుడు నేను లోపలికి వెళ్లింది లేదు. నేను వెళ్లే రోజులు ఎప్పుడూ వానలకు ముందే పడేవి. ఈసారి వానల్లోనే వచ్చాను కాబట్టి చూసిపోవాలనుకున్నాను. వెనక వైపుకి నడిచి తలుపు దగ్గరికి వెళ్లాను.

తలుపుకు అడ్డంగా ఒకామె నిలబడి ఉంది. వీపున చిన్న పిల్లవాణ్ణి కట్టుకుంది. చూడగానే పోల్చుకున్నాను. మెర్సీ. ఇప్పుడు ఆ ఇంటి బాగోగులు చూసే పని ఆమెదే. వీపున ఉన్నది రెండో బిడ్డ. పెద్దది బడికి పోయిందట. నన్ను కావలించుకుంది. రెండు చేతులూ పట్టుకుని నవ్వింది. ఇప్పుడు కాస్త ఇంగ్లీషు కూడా మాట్లాడుతోంది.

నేను లోపలికి అడుగు వేయబోయాను. మెర్సీ పక్కకు తొలగలేదు.

"వద్దు అమాయి" అంది. అమాయి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"నేనే కదా మెర్సీ."

"మీరే. తెలుసు. లోపల ఉన్నవాళ్లలో ఇద్దరు ఇంకా ఎవరికీ చెప్పలేదు. చూడటానికి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, లోపలికి రాకూడదు. నేనే పెట్టాను ఈ నియమం."

ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. అబద్ధం ఎందుకు? ఈ ఇంటి కోసం ట్రస్టీల ముందు లేచి మాట్లాడినదాన్ని. నాకే నియమమా అనిపించింది. మెర్సీ నా ముఖం చూసింది. చూసినా తలుపు వదల్లేదు. చుట్టాన్ని నొప్పించడం వాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఎదురుగా నిలబడి కాదన్న ఆ పిల్ల, ఒకప్పుడు కెమెరా చూసి ఇంకొకరి వీపు చాటుకు పోయిన పిల్లే.

"మంచి నియమం" అన్నాను.

మెర్సీ లోపలికి వెళ్లి ఒక ముక్కాలిపీట తెచ్చింది. దాన్ని పొయ్యిల వైపు తిప్పి వేసింది, తలుపు నాకు కనబడకుండా. నేను కూర్చున్నాను. లోపల ఎవరో ఏదో అన్నారు. చాలామంది ఒక్కసారిగా నవ్వారు. ఎంతమందో లెక్కపెట్టడానికి ప్రయత్నించలేదు. సంగటి గిన్నెలో కర్ర తిప్పుతున్న ఒక ముసలామె నన్ను చూసి, కాస్త జరిగి, కర్ర నా చేతికిచ్చింది.